ఎడమకు పోతున్న బాణాలు

జూన్ 22, ఆదివారం

ఈ నోటుబుక్కు మధ్యలో గీతలు వంకరగా అచ్చేశారు. తామ్వే బజారులో బర్మా కొట్టువాడికి చూపిస్తే తిన్నగానే ఉన్నాయన్నాడు. అమ్మేవాడు ఇంకేమంటాడు?

చెల్లెలు దేవితో ఏదైనా చెబితే వాదనకు దిగుతుంది. ఆమె మొగుడు థు రేయిన్‌తో చెబితే నవ్వి ఊరుకుంటాడు. ముగ్గురం ఒకే ఫ్లాటులో ఉంటాం, అందుకే కాగితంతో చెప్పుకుందామని ఇది కొన్నాను. మొదటి కబురు ఇది: నా విల్లు చెడింది.

ఇవాళ అహ్లోన్‌లో, పాత బియ్యపు మిల్లు గోడ పక్కన మా క్లబ్బు గ్రౌండులో, నేను వేసిన బాణాలన్నీ గురి నడిమి పసుపు చుక్కకు ఎడమగా పడ్డాయి. కొన్ని ఎరుపులో, కొన్ని నీలంలో, ఒకటి ఏకంగా గడ్డిలో. కుడివైపు ఒక్కటీ లేదు. లోకనాథం మాస్టారు క్లబ్బు సామాన్ల గదికి పెద్ద. ఆయన నా విల్లు తీసుకుని అటూ ఇటూ తిప్పి, పై రెక్క బిగించే బోల్టు దగ్గర చెక్క నెర్రె విచ్చిందని చూపించాడు.

"ఈ రైజర్ ఇంక పనికిరాదు రామలచ్చిమీ. ఇరిగిందంటే మొకం మీదకొచ్చేస్తాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. విల్లు నడుమ చేత్తో పట్టుకునే భాగమే రైజర్, పైనా కిందా దానికి బిగించే బద్దలు రెక్కలు. అది మెలి తిరిగితే రెక్క ఒరుగుతుంది, రెక్క ఒరిగితే బాణం పక్కకు పోతుంది. తప్పు నాది కాదు. రైజర్ వంకర, అంతే.

మాస్టారు చూడకముందు థు రేయిన్ కూడా ఆ విల్లుతోనే వేశాడు. అతనివి పసుపులోనే పడ్డాయి. కొత్తవాళ్ళకు అలా కలిసొస్తుంది.

జూన్ 25

జాకెట్లు ఆరు కత్తిరించాను. సూదిలో దారం ఎక్కడం లేదు. ఇప్పుడు వచ్చే దారానికి పురి ఉండటం లేదు.

ఎన్నేళ్ళుగానో ఒకరి మెడ, ఒకరి చంక, ఒకరి లుంగీ అంచు కొలుస్తూనే ఉన్నాను. క్లబ్బుకు కూడా అమ్ముల పొదులు కుట్టివ్వడానికే మొదట వెళ్ళాను. మాస్టారు ఊరికే విల్లు చేతికిచ్చి లాగి చూడమన్నాడు. ఆ తర్వాత ఆదివారం మానింది లేదు. గీత మీద నిలబడి తాడు గడ్డానికి ఆనించినప్పుడు నేను ఎవరి అక్కనూ కాదు, ఎవరి దర్జీనీ కాదు. అది పోతే నాకు మిగిలేది మిషను మోత ఒక్కటే. అందుకే ఎంత కష్టమైనా రైజర్ కొనాలి.

జూలై 6, ఆదివారం

నేనొక్కదాన్నే కొనలేను. థు రేయిన్ సగం వేసుకుంటానన్నాడు. తైక్‌చీ వైపు అతని అన్న వేరుశనగ వేస్తాడు, అడవి పందులు తెల్లారేసరికి చేను తవ్వేస్తున్నాయట. ఈ రోజుల్లో తుపాకీ మాట ఎవరూ ఎత్తరు. అందుకని మరిది నా దగ్గర విల్లు నేర్చుకున్నాడు. పగలు టాక్సీ, మనసంతా పందుల మీద.

మధ్యాహ్నం కరెంటు పోయాక ఫోన్లో బొమ్మలు చూస్తూ ముగ్గురం కూర్చున్నాం. నాకు పొడుగు రైజర్ కావాలి. చేతిలో కుదురుగా నిలుస్తుంది, కాస్త బరువున్నా మంచిదే, గురిచూసే సైటు బిగించుకోవడానికి మర ఉండాలి. అతనికి పొట్టిది కావాలి, పొదల్లో తగలకుండా. తేలికగా ఉండాలి, రోజంతా మోయాలి. మెరవకూడదు, పంది చూస్తుందట.

"పందికి ఎరుపు, నలుపు తెలస్తాదేటి?" అంది దేవి.

"తెలవదు. మెరుపు తెలుస్తాది," అన్నాడు థు రేయిన్. అతని తల్లి మన మనిషే, తండ్రి బర్మా ఆయన. తెలుగు అర్థమైనంత బాగా మాట్లాడలేడు, అయినా ఆగడు.

చెక్క మళ్ళీ వద్దనుకున్నాం. పోత పోసిన అల్యూమినియం చవక, కానీ లోపల బుడగ ఉంటే ఒకనాడు పుటుక్కుమంటుందని మాస్టారు భయపెట్టాడు. దిమ్మను కోసి చెక్కినది గట్టిది, ధర కూడా అంత గట్టిదే. చివరికి మధ్యే మార్గం: ఇరవై మూడు అంగుళాలు, నల్లది, కోసి చెక్కిన రకంలో అన్నిటికన్నా చవకది, ఏ కంపెనీ రెక్కలైనా పట్టేది. నాకు ఆదివారాలకు మెత్తటి రెక్కలు, అతనికి అడవికి బిరుసు రెక్కలు. రైజర్ ఒకటే, రెక్కలు రెండు జతలు. ఇద్దరం కుడిచేత్తో తాడు లాగేవాళ్ళమే కాబట్టి ఈ ఏర్పాటు కుదిరింది.

మా ఇద్దరి తెలివికి మేమే మురిసిపోయి టీ కాచుకున్నాం. నేనే పోశాను. ఒక కప్పు నిండలేదు, బల్ల మాత్రం తడిసింది.

"ఓలక్కా, కంటి డాక్టరుకాడికెళ్దాం," అంది దేవి.

కెటిల్ మూతి సొట్టపోయిందని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా కొత్తది కొనదు.

జూలై 13, ఆదివారం

వా మొదలైంది, మూడు నెలల బౌద్ధ వ్రతం. అది ముగిసే తడింజు పండుగ దాకా థు రేయిన్ వేటకు వెళ్ళడు, ప్రాణం తీయడు. ప్రతి యేడూ ఉన్నదే. రైజర్ సంగతి ఎత్తితే "తొందరేటి మమ, వా అయినాక సూద్దాం" అన్నాడు. మమ అంటే వాళ్ళ భాషలో అక్క. అతనికి తొందర లేదు సరే, నాకు ఆదివారాలు పోతున్నాయి కదా!

క్లబ్బులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలకు కన్ను పరీక్ష ఎప్పటిలాగే నేనే చేయించాను. రెండు చేతులూ చాచి, వేళ్ళ మధ్య చిన్న కిటికీలా పట్టి, అందులోంచి పసుపు చుక్కను చూస్తూ చేతుల్ని ముఖం దగ్గరికి తెచ్చుకోవాలి. కిటికీ ఏ కంటి ముందుకొచ్చి ఆగితే గురి ఆ కంటిది. తాడు ఆ పక్క చేత్తోనే లాగాలి. రైజర్ కూడా ఆ చేతిదే కొనాలి. కుడిచేతి రైజర్ ఎడమచేతివాళ్ళకు కొరగాదు. విల్లు కొనేవాళ్ళు మొట్టమొదట చేయవలసిన పని ఇదేనని గట్టిగా చెప్పాను.

ఒకమ్మాయిది ఎడమ కన్ను. సామాన్ల గదిలో మేకుకు ఏళ్ళ తరబడి వేలాడుతున్న ఎడమచేతి రైజర్ మాస్టారు తీశాడు. మంచి సరుకు, పొడుగుది, కోసి చెక్కినది. ఆ పిల్ల ఎత్తలేకపోయింది. మళ్ళీ మేకుకే ఎక్కింది. ధర తగ్గించినా అడిగే దిక్కు లేదు. అదే కుడిచేతిదైతే మా బాధ ఇవాళే తీరేది.

జూలై 20, ఆదివారం

క్లబ్బు విల్లుతో వేశాను. ఎడమకే. దాని సంగతి చెప్పేదేముంది, ఊరందరి చేతులూ పడ్డ విల్లు.

ఆగస్టు 3, ఆదివారం

వాన. అయినా వెళ్ళాను. ఎడమకే. గాలి.

"తాడు లాగినాక తల తిప్పుతన్నావు మమ. ముక్కు ఇటు వస్తంది," అన్నాడు థు రేయిన్.

నాకు విల్లు నేర్పడానికి వచ్చాడు మొనగాడు! పట్టుమని ఏడాది కాలేదు. ఇంటికి వచ్చేదాకా టాక్సీలో ఎవరం మాట్లాడలేదు.

ఆగస్టు 17

మే సోట్‌లో ఒకాయన ఉన్నాడు, సరిహద్దు దాటించి సామాను పంపుతాడు. మేం అనుకున్న నల్ల రైజరే దొరుకుతుందని కబురు చేశాడు. రాత్రి అన్నాల దగ్గర చెబితే థు రేయిన్ తల వంచుకుని చారు కలుపుకున్నాడు. దారిలో పట్టేసుకుంటారేమో అన్నాడు. ధర తగ్గుతుందేమో అన్నాడు. పైకి చెప్పనిది ఏదో ఉంది. సగం డబ్బు ఇస్తాననడం వరకే మగతనం. డబ్బులు ఎక్కడో ఖర్చు పెట్టేసి ఉంటాడు.

ఆగస్టు 24, ఆదివారం

మేకుకు ఆ ఎడమచేతి రైజర్ లేదు. ఎవరో వెర్రివాడు కొన్నట్టున్నాడు. అడగలేదు. నాకెందుకు?

సెప్టెంబర్ 9

లమ్మడా నుంచి హోల్‌సేల్ కొట్టావిడ జాకెట్టు తిరిగి పంపింది. మెడ ఒక పక్కకు లాగిందట. ఆవిడ భుజాలే ఎగుడుదిగుడు, ఆ మాట ఎలా చెప్పను. విప్పి కుట్టాను. మళ్ళీ విప్పాను. చివరికి దేవి కుట్టింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఎడమకే.

సెప్టెంబర్ 21, ఆదివారం

క్లబ్బుకు వెళ్ళలేదు. కుట్టుపని ఉంది.

పని లేదు. వెళ్ళబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 26

మే సోట్ ఆయనకు నేనే ఫోన్ చేసి, దసరా వెళ్ళగానే పంపేయమన్నాను. మొత్తం నేనే పెడతాను, చెవి కమ్మలున్నాయి. రైజర్ వస్తే అన్నీ సర్దుకుంటాయి. రైజరే వంకర.

అక్టోబర్ 2, దసరా

రాస్తే గాని మనసు నిమ్మళించేలా లేదు.

అమ్మ ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో దసరాకు పనిముట్లకు పూజ. కుట్టుమిషను కడిగి, పసుపు రాసి, బంతిపూలు వేశాం. కత్తెర, టేపు, థు రేయిన్ టాక్సీ తాళాలు. నెర్రె విచ్చినా సరే, పాత రైజర్ కూడా పీట మీద పెట్టమన్నాను. అన్నిటికీ బొట్లు పెట్టాక ఇంట్లోవాళ్ళకు పెద్దదాన్నైన నేను బొట్టు పెట్టాలి. దేవికి పెట్టాను. అది తలవంచుకుని నా వేలు కిందికే నుదురు తెచ్చింది, సరిపోయింది.

థు రేయిన్ మోకాళ్ళ మీద కూర్చుని కదలకుండా ముఖం ఎత్తాడు. కుంకుమ అద్దుకుని చెయ్యి చాచాను. ఇంకా దూరం ఉందనుకున్నాను. ఉన్నట్టుండి నుదురు వేలికి గట్టిగా గుద్దుకుంది. వేలు జారింది. కుంకుమ కనుబొమ మీదుగా కంటి దాకా గీసుకుపోయింది.

దేవి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మరిది నవ్వలేదు. కన్ను తుడుచుకోను కూడా లేదు. నా చెయ్యి పట్టుకుని, వేలు తన నుదుటి మధ్యకు తెచ్చి, బొట్టు పెట్టించుకున్నాడు. చిన్నపిల్ల చెయ్యి పట్టి అక్షరం దిద్దించినట్టు.

మూరెడు దూరంలో ఉన్న మనిషి నుదురది. దానికి రైజర్ లేదు, రెక్క లేదు, గాలి లేదు.

అక్టోబర్ 3

చేశాను. పొద్దున్నే, వాళ్ళిద్దరూ లేవకముందు. గోడ మీద క్యాలెండర్‌లో చంద్రుడి బొమ్మను చూస్తూ వేళ్ళ కిటికీ పట్టి దగ్గరికి తెచ్చాను. ఎడమ.

మళ్ళీ చేశాను. ఎడమ.

ఎడమ కన్ను మూసి ఈ పేజీ చూశాను. మధ్యలో గీతలు వంగి, అక్షరాల చోట బూడిద రంగు మచ్చ. కుడి కన్ను మూసి చూశాను. గీతలు తిన్నగా ఉన్నాయి. మొదటి పేజీ నుంచీ తిన్నగానే ఉన్నాయి.

భయమేసింది. ఎంత భయమంటే, దేవిని లేపాను.

అక్టోబర్ 4

కళ్ళాసుపత్రి. దేవి పక్కనే ఉంది. డాక్టరమ్మ చుక్కలు వేసింది, దీపం వేసి చూసింది, ఫోటోలు తీసింది. కుడి కంటి వెనక, చూపుకు నట్టనడి చోట మచ్చ కట్టిందట. ఆ నడిమి చూపు తిరిగి రాదు. ఎడమ కన్ను శుభ్రంగా ఉంది. కుడి కన్ను మసకబారాక గురిచూసే పని ఎడమ కన్ను ఎత్తుకుంది. చెయ్యి మాత్రం కుడి కన్ను ఉందనుకునే తాడు లాగుతోంది. బాణం ఎడమకు పోక ఎక్కడికి పోతుంది?

"ముందే వచ్చుంటే?" అని దేవి అడిగింది. మచ్చ పాతదే, ఎప్పటి నుంచో చెప్పలేనంది డాక్టరమ్మ. ఆవిడ మంచిది. నేను మాత్రం జూలై నుంచి కెటిల్‌ని తిడుతున్నాను.

దారిలో దేవి నా చెయ్యి వదల్లేదు. "బానాలు పోతే పోనీ అక్కా, ఇంకో కన్ను సల్లగుంది గదా," అంది. తలూపాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో ఏడ్చాను. కన్ను కోసం కాదు. ఆదివారం కోసం.

మే సోట్‌కు ఫోన్ చేసి పంపొద్దన్నాను. ఎందుకమ్మా అన్నాడు. కుడిచేతిది నాకు పనికిరాదన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చాక గాని ఇంకో చెయ్యి ఉందని నాకు తట్టలేదు.

అక్టోబర్ 5, ఆదివారం

ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి అహ్లోన్ వెళ్ళాను. దారంతా ఆ ఖాళీ మేకే కళ్ళ ముందు. ఏళ్ళ తరబడి దానికి ఆ రైజర్ వేలాడింది, చూసి నవ్వుకున్నాను, అడిగే దిక్కు లేదని రాసుకున్నాను.

మాస్టారు రెక్కలకు నూనె గుడ్డ రాస్తున్నాడు.

"ఆ ఎడమచేతి రైజర్ ఎవరు కొన్నారు మాస్టారూ?"

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "ఏటి, ఇప్పుడడిగినావా?"

"అడిగానుగా. ఎవరు?"

లేచి లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె తీసి, గోనెసంచి చుట్టిన మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నీ మరిదే. వా మొదలవగానే వొచ్చి డబ్బులిచ్చేసినాడు. మేకుకే ఉండనీ, ఎవురికీ ఇయ్యొద్దన్నాడు. ఎవుడో అడిగితే నానే పెట్టెలో ఎట్టేసినాను. నువ్వే వొచ్చి అడిగినప్పుడే ఇయ్యాల, అంతవరకు నోరిప్పొద్దని నాసేత ఒట్టేయించినాడు."

ఒళ్ళు మండింది. చూశారా, అందరికీ తెలుసు, నాకు తప్ప! మూట అక్కడే వదిలి ఇంటికొచ్చాను. థు రేయిన్ మెట్ల దగ్గర టాక్సీ అద్దాలు తుడుస్తున్నాడు. మూడంతస్తులకూ వినపడేలా అరిచాను. నన్ను పిచ్చిదాన్ని చేశారన్నాను. తెలిసినవాడు చెప్పాలి కదా అన్నాను.

అతను గుడ్డ పిండి ఆరేసి, నెమ్మదిగా అన్నాడు. "తల తిప్పుతన్నావు అని సెప్పినా మమ. మాటాడ్డం మానేసినావు. దేవి డాక్టరు అంది. కెటిల్ అన్నావు. నాను సెప్తే నువ్వు విల్లు మానేస్తావు. నువ్వే సూసుకుంటే మానవు."

మెట్టు మీద కూలబడ్డాను.

"మరి నీ పందులు?" అన్నాను చివరికి. ఎడమచేతి రైజర్ అతనికి కట్టెపుల్లతో సమానం. సగం డబ్బు కాదు, వేటకని దాచుకున్నదంతా పెట్టేశాడు. నేనేమో ఎక్కడో ఖర్చు పెట్టేశాడని రాశాను.

"అన్న సేను సుట్టూ డబ్బాలు కట్టినాడు. గాలికి మోగుతాయి," అన్నాడు. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు ఈ మనిషికి.

అక్టోబర్ 6, తడింజు

మెట్ల నిండా కొవ్వొత్తులు. ఈ పండుగకు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు మోకరిల్లి, తెలిసో తెలియకో చేసిన తప్పులు మన్నించమంటారు. థు రేయిన్ ప్రతి యేడూ నాకు దండం పెట్టి ఒక సబ్బుపెట్టె, పళ్ళు ఇస్తాడు. ఈసారి గోనెసంచి మూట కూడా ఉంది. పొద్దున్నే వెళ్ళి తెచ్చినట్టున్నాడు.

దేవి, అతను పక్కపక్కనే మోకరిల్లారు. దీవించాలి. మన్నించమనవలసింది ఎవరు? పెద్దదాన్ని మోకరిల్లకూడదు కాబట్టి బతికిపోయాను. అతని నెత్తి మీద చెయ్యి పెట్టాను. ఈసారి దూరం చూసుకుని, నెమ్మదిగా పెట్టాను.

అక్టోబర్ 12

కమ్మలు అమ్మాను. మే సోట్ ఆయనకు కబురు: కుడిచేతిది, అన్నిటికన్నా పొట్టిది, మెరవనిది. థు రేయిన్‌కు చెప్పలేదు. ఒట్టు వేయించడం నాకూ వచ్చు, దేవి చేత వేయించాను.

అక్టోబర్ 19, ఆదివారం

కొత్తగా చేరిన ఆ అమ్మాయిల పక్కనే నిలబడ్డాను. అందరికన్నా మెత్తటి రెక్కలు, అందరికన్నా దగ్గరి గురి. నేను కన్ను పరీక్ష చేయించిన ఎడమ కంటి పిల్ల నా మోచెయ్యి కిందికి నొక్కి, భుజం ఎత్తొద్దు ఆంటీ అంది. ఎత్తలేదన్నాను. ఎత్తాను.

ఎడమచెయ్యి ఎంత మొద్దుదో ఇన్నేళ్ళూ తెలియలేదు. పళ్ళు తోమడం కూడా ఎప్పుడూ దానికి నేర్పలేదు పాపం. తాడు గడ్డం దాకా రాకముందే ఒళ్ళంతా వణికింది. ఒక్క బాణమూ వేయలేక దించేశాను.

రేపటి నుంచి మిషను తిప్పుడు ఎడమచేత్తో. దేవి కోప్పడితే పడనీ.

నవంబర్ 9, ఆదివారం

ఎండ బాగా కాసింది. గాలి లేదు. థు రేయిన్ నేను తెప్పించిన పొట్టి రైజర్ భుజాన వేసుకుని, తైక్‌చీ బస్సు ఎక్కే ముందు చూసిపోదామని వచ్చాడు. అన్న చేలో డబ్బాలేవీ లేవని దేవి నాకు ఎప్పుడో చెప్పేసింది.

గీత మీద నిలబడ్డాను. ఎడమచేత్తో తాడు లాగాను. గడ్డం తగిలింది. ఎడమ కంటికి పసుపు చుక్క గుండ్రంగా, అంచులతో సహా కనిపించింది. ఎన్నాళ్ళయిందో అలా కనిపించి. వదిలాను.

బాణం కుడికి పోయింది. పసుపు, ఎరుపు, నీలం దాటి, చెక్క చివర గుచ్చుకుంది.

మాస్టారు లోపల్నుంచి కేకేశాడు. "ఏటి రామలచ్చిమీ, రైజర్ ఎలాగుంది?"

రైజర్ తిన్నగా ఉంది మాస్టారూ, నాకే ఇంకా రావాలి అన్నాను. అని, ఇంకో బాణం తీసుకున్నాను.